కొక్కెం తగిలించే చేతికి కాపలా ఎవరు?

మునిగిన బండిని బయటికి లాగడం బలంతో తేలే పని అని అందరూ అనుకుంటారు. కానీ అది వరుస తప్పితే ప్రాణం తీసే పని. భవానీపూర్ వీధుల నుంచి గోదావరి సుడిగుండాల దాకా అనుభవం చెబుతున్నది అదే. చట్టం మాత్రం ఇంకా బండి దగ్గరే ఆగిపోయింది.

మహాలయ వెళ్లి రెండు రోజులే అయింది. భవానీపూర్‌లో పూజా పందిళ్లకు ఆఖరి మెరుగులు దిద్దుతున్నారు. 2025 సెప్టెంబర్ 22 రాత్రి పట్టుకున్న వాన 23 తెల్లవారేసరికి దక్షిణ కోల్‌కతాను చెరువు చేసి వదిలింది. వాతావరణ శాఖ లెక్క ప్రకారం 24 గంటల్లో నగరంలో 251.4 మిల్లీమీటర్ల వర్షం పడింది. ఒక్క రోజులో అంత వాన నగరం దాదాపు నాలుగు దశాబ్దాలుగా ఎరగదు. భవానీపూర్ పొరుగునే ఉన్న కాళీఘాట్‌లో కొద్ది గంటల్లోనే 280 మి.మీ. నమోదైంది. నేతాజీ భవన్ స్టేషన్ మీదుగా వెళ్లే మెట్రో రైళ్లు మైదాన్‌కు దక్షిణాన నిలిచిపోయాయి. వీధుల్లో కార్ల తలుపుల దాకా, చోట్ల వారీగా బానెట్ల దాకా నీళ్లు.

ఆ ఒక్క రోజు నగరంలోనూ పరిసరాల్లోనూ కనీసం 10 మంది చనిపోయారు. వారిలో దాదాపు అందరినీ చంపింది నీళ్లు కాదు, నీళ్లలోకి పాకిన కరెంటు. తప్పు మీదంటే మీదని రాష్ట్ర ప్రభుత్వం, విద్యుత్ సరఫరా సంస్థ వాదులాడుకున్నాయి. ఆ వాదన ఎటు తేలినా, మునిగిన వీధిలోకి పని మీద దిగే మనిషికి మాత్రం ఒక సంగతి రూఢి అయింది. మోకాలి లోతు నీరు కూడా చంపగలదు.

అలా దిగేవాళ్లలో అందరి కన్నా ముందుండేది టోయింగ్ బండి మీద పనిచేసే కుర్రాడు. ఆఫీసులో సాహెబ్‌కు కారు కావాలి, ఆస్పత్రికి వెళ్లే దారికి అడ్డంగా ట్యాక్సీ నిలిచిపోయింది, వెనక బస్సులు హారన్లు మోగిస్తున్నాయి. కుర్రాడు ప్యాంటు పైకి మడిచి, కొక్కెం చేతపట్టుకుని, చెప్పులతోనే నీళ్లలోకి నడుస్తాడు. అడుగున తెరిచి ఉంచిన మ్యాన్‌హోల్ ఉందా, పక్కనున్న దీపస్తంభంలోంచి కరెంటు కారుతోందా అని చూసేవాడుండడు. బండి బయటికొస్తే చప్పట్లు. కుర్రాడికేమన్నా అయితే మర్నాటి పేపర్లో నాలుగు పంక్తులు.

నీళ్లు ఎందుకు నిలుస్తాయి

భవానీపూర్ పాత పేట. తూర్పున అశుతోష్ ముఖర్జీ రోడ్డు, పడమర వైపు హరీష్ ముఖర్జీ రోడ్డు, మధ్యలో జదుబాబు బజారు, ఆ పైన ఎస్ఎస్‌కేఎం ఆస్పత్రి. బెంగాలీల సరసన సిక్కులు, గుజరాతీలు తరతరాలుగా స్థిరపడిన చోటు. కోల్‌కతా ట్యాక్సీ, ట్రాన్స్‌పోర్టు వ్యాపారాల్లో సిక్కులది ఒకప్పుడు పెద్ద చెయ్యి. మమతా బెనర్జీ ముఖ్యమంత్రి హోదాలో 2011లోనూ, 2021లోనూ ఉప ఎన్నికలో గెలిచింది ఈ నియోజకవర్గం నుంచే. ఇంత పలుకుబడి ఉన్న పేట కూడా గట్టి వాన పడితే మోకాళ్ల లోతున మునగడానికి కారణం రాజకీయం ఒక్కటే కాదు, భూగోళం కూడా.

నగరం కింద 19వ శతాబ్దంలో బ్రిటిష్ వాళ్లు కట్టిన ఇటుక సొరంగాలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. గంటకు పావు అంగుళం, అంటే దాదాపు 6 మి.మీ. వానను తోడుకుపోగలిగేలా ఆనాడు లెక్కవేశారు. తర్వాత పంపులు పెరిగాయి, కొత్త గొట్టాలు వేశారు. పాత లెక్కే పట్టుకుంటే 280 మి.మీ. వాన దిగిపోవడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. దానికి తోడు హుగ్లీలో పోటు వస్తుంది. నది నీరు నగరంలోకి ఎదురెక్కకుండా లాక్‌గేట్లు మూసెయ్యాలి. అవి తెరుచుకునే దాకా వాన నీరు వీధిలోనే కాపు కాస్తుంది. పేటకు పడమరగా పారే ఆదిగంగదీ అదే వరుస. 1770ల్లో కల్నల్ విలియం టోలీ తవ్వించి బాగుచేయించిన కాలువ అది. టోలీ నాలా అన్న పేరూ అలా వచ్చిందే.

ఇందులో టోయింగ్ వాళ్లకు పనికొచ్చే మాట ఒకటుంది. ఇది వరద కాదు, నిలవ నీరు. పోటు తగ్గి, పంపులు ఆడితే కొన్ని గంటల్లో దానంతటదే దిగిపోతుంది. మనిషెవరూ చిక్కుకోని కారు ఆ కొన్ని గంటలు ఆగగలదు. కారు లోపల మనిషి ఉన్నాడా లేడా అన్న ఒక్క ప్రశ్న మీదే మిగిలిన తొందరంతా ఆధారపడాలి.

మొదట మనిషి, తర్వాత కరెంటు

ఆ ప్రశ్నకు జవాబు ఆలస్యమైతే ఏమవుతుందో దేశం చాలాసార్లు చూసింది. 2005 జులై 26న ముంబైలోని శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మి.మీ. వాన కురిసినప్పుడు కార్లలోనే ఊపిరాడక చనిపోయినవాళ్లున్నారు. 2023 మే 21న బెంగళూరు కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఒక యువ ఉద్యోగిని కారులో చిక్కుకుని ప్రాణాలు కోల్పోయింది. 2024 సెప్టెంబర్‌లో ఫరీదాబాద్ అండర్‌పాస్‌లో ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు అలాగే పోయారు. కాబట్టి మునిగిన ప్రతి బండినీ లోపల మనిషి ఉన్నాడనే అనుమానంతోనే మొదలుపెట్టాలి. ఉన్నాడంటే అది టోయింగ్ పని కాదు, అగ్నిమాపక, విపత్తు దళాల పని. లేడని తేల్చుకున్న కారుకు కంటికి కనిపించే గుర్తు కట్టాలి. అప్పుడు రెండో జట్టు వచ్చి మళ్లీ ప్రాణాలొడ్డి వెతకాల్సిన పని ఉండదు.

రెండోది కరెంటు. నీటిలో నిలిచిన దీపస్తంభం, ఫీడర్ పెట్టె, షాపు బోర్డు, తెగిపడిన కేబుల్, వీటిలో ఏది కారుతోందో కంటికి తెలియదు. ఆ వీధికి సరఫరా ఆపినట్టు విద్యుత్ సంస్థ నుంచి ధ్రువీకరణ వచ్చే దాకా ఎవరూ దిగకూడదు. ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి కదా అన్నది ధ్రువీకరణ కాదు. వీధి దీపాల లైను వేరు కావచ్చు, ఎవరింట్లోనో జనరేటర్ తిరుగుతూ ఉండొచ్చు. రబ్బరు బూట్లు వేసుకున్నామన్న ధైర్యం బూటు అంచు మునిగే దాకానే.

మూడోది అడుగు. నీళ్లు త్వరగా దిగాలని మ్యాన్‌హోల్ మూతలు తీసెయ్యడం మన నగరాలన్నిటిలో ఉన్న అలవాటే. 2017 ఆగస్టు 29న ముంబైలో పేరున్న వైద్యుడొకరు కారు దిగి నడుస్తూ అలాంటి మ్యాన్‌హోల్‌లో పడి కొట్టుకుపోయారు. అందుకే దిగేవాడి చేతిలో పొడవాటి కర్ర ఉండాలి. కర్రతో తడిమాకే అడుగు పడాలి. నడుముకో ఛాతీకో లైఫ్‌జాకెట్ కాక, గట్టునున్న మనిషి చేతిలో ఉండే తాడు కూడా కావాలి. పారే నీళ్లయితే మాత్రం నడుముకు తాడు బిగించుకోవడం ఇంకో ప్రమాదం. ప్రవాహం మనిషిని తాడు చివర పట్టి ముంచేస్తుంది. అక్కడ ఒక్క లాగుతో విడిపోయే పట్టీ ఉన్న జాకెట్ వాడాలి, లేదా శిక్షణ పొందిన ఈతగాళ్లకు అప్పగించాలి. అడుగు లోతు పారే నీరు చిన్న కారును తేల్చగలదు, రెండడుగులైతే చాలా వాహనాలను ఈడ్చుకుపోగలదు. అలాంటి నీళ్లకు 60 కిలోల మనిషి ఒక లెక్కా?

సెల్ఫ్ కొట్టొద్దు

టోయింగ్ బండి రాకముందే జరిగే పొరపాటొకటుంది. యజమాని ఆశ చావక ఒకసారి సెల్ఫ్ కొట్టి చూస్తాడు. ఇంజిన్ గాలిని పీల్చే దారిలో నీళ్లుంటే అవి సిలిండర్లోకి చేరతాయి. గాలి నలుగుతుంది, నీరు నలగదు. పిస్టన్ పైకొచ్చి నీటిని గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వేలల్లో పోయే ఖర్చు లక్షల్లోకి ఎక్కేది అక్కడే. నీళ్లలో స్టార్ట్ చేసి పాడుచేసుకున్న ఇంజిన్‌కు మామూలు సమగ్ర బీమా పాలసీ కింద డబ్బు చెల్లించడానికి కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు. దానికి విడిగా ఇంజిన్ రక్షణ క్లాజు కొనుక్కోవాలి. 2015 డిసెంబర్ చెన్నై వరదల తర్వాత ఆ సంగతి చాలామందికి ఆలస్యంగా తెలిసింది.

ఒకప్పుడు భవానీపూర్ వానల్లో పసుపు అంబాసిడర్ ట్యాక్సీ ఆగిపోతే పేట కుర్రాళ్లు నలుగురు తోసేవాళ్లు. గట్టెక్కాక డ్రైవరు ప్లగ్గులు తుడుచుకునేవాడు. ఉత్తర్‌పారాలో ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పటి కార్లకు అడుగున సెన్సర్లు, సీటు కింద కంప్యూటర్ పెట్టెలు ఉంటున్నాయి. చాలా వాటిలో ఆటోమేటిక్ గేర్లు. అలాంటి కారును కొక్కెం తగిలించి చక్రాల మీద ఈడిస్తే గేర్‌బాక్సు కూడా పోతుంది. నాలుగు చక్రాలూ నేల వదిలేలా చదును బల్ల ఉన్న లారీ మీదికి ఎక్కించడమే క్షేమం. కానీ ఇరుకు సందుల్లోకి ఆ లారీ రాదు. వచ్చేది పాత జీపు చట్రం మీద బిగించిన చిన్న క్రేనే.

నీటికి కూడా బరువుంది

లాగడం మొదలయ్యాక లెక్కలు తప్పేది బరువు దగ్గర. చిన్న కారు బరువు 900 కిలోలు అనుకుందాం. దానిలోపల రెండున్నర ఘనపు మీటర్ల చోటుంటే, పూర్తిగా మునిగినప్పుడు అందులో చేరేది రెండున్నర టన్నుల నీరు. నీళ్లలో ఉన్నంతసేపూ ఆ భారం తెలియదు, చుట్టూ ఉన్న నీరే మోస్తుంది. బండి ముక్కు నీటి మట్టం దాటి పైకొచ్చే క్షణంలో ఆ బరువంతా తాడు మీద పడుతుంది. అప్పటిదాకా సులువుగా వస్తున్న కారు ఉన్నట్టుండి మూడు నాలుగు రెట్లు బరువెక్కుతుంది. తాళ్లు తెగేదీ, క్రేన్లు ముందుకు ఒరిగేదీ సరిగ్గా అప్పుడే. బురదలో కూరుకుపోయిన బండికైతే బురద పట్టు కూడా కలుస్తుంది.

తెలిసినవాళ్లు అందుకే నీటి అంచు దగ్గర ఆగుతారు. తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి నీళ్లు కారిపోనిస్తారు. మళ్లీ అరగజం లాగుతారు, మళ్లీ ఆగుతారు. చూసేవాళ్లకు విసుగు పుట్టించే ఈ ఆగడమే పనిలో సగం.

వించ్ మీద రాసి ఉండే సామర్థ్యంలోనూ కిటుకుంది. ఆ అంకె డ్రమ్ము మీద తాడు ఒకే పొర ఉన్నప్పటిది. పొర మీద పొర చుట్టుకునే కొద్దీ లాగే శక్తి తగ్గుతుంది. కప్పీ వేసి తాడును రెండు పేటలు చేస్తే వించ్ మీద భారం దాదాపు సగమవుతుంది. కానీ ఆ కప్పీని కట్టిన చోట తాడులో ఉన్న బిగువుకు దాదాపు రెట్టింపు పడుతుంది. కప్పీని పాత విద్యుత్ స్తంభానికో, గోడలోంచి వచ్చిన మర్రి చెట్టుకో కట్టే అలవాటున్న చోట ఈ లెక్క తెలియకపోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇనుప తాడు బిగుసుకున్నప్పుడు అది సాగదీసిన రబ్బరు లాంటిది. తెగితే కొరడాలా వెనక్కి వస్తుంది. దాని దారిలో ఉన్న కాళ్లు మిగలవు. అందుకే తాడు ఎంత పొడవుందో కనీసం అంత దూరంలో జనాన్ని నిలబెట్టాలి. తాడు మీదుగా ఎవరూ దాటకూడదు. మధ్యలో బరువైన దుప్పటో గోనెసంచో వేస్తే తెగినప్పుడు దాని విసురు తగ్గుతుంది. తాడు వయసు కూడా చూడాలి. అమెరికాలో నిర్మాణరంగ క్రేన్ల నియమాల ప్రకారం, కదిలే తాడులో ఒక మెలిక నిడివిలో ఆరు తీగలు తెగినా, ఒకే పాయలో మూడు తెగినా తాడును పక్కన పడెయ్యాల్సిందే. మన వీధుల్లో మాత్రం తెగిన చోట ముడేసి, మళ్లీ తెగే దాకా వాడతారు.

గట్టు కూలితే

వీధిలో నిలిచిన నీరు ఒక ఎత్తు, కాలువలో పడిన బస్సు ఒక ఎత్తు. 2018 జనవరి 29 ఉదయం పశ్చిమ బెంగాల్‌లోని ముర్షీదాబాద్ జిల్లా దౌలతాబాద్ వద్ద కరీంపూర్ నుంచి మాల్దా వెళ్తున్న బస్సు బలిర్‌ఘాట్ వంతెన కంచెను విరగ్గొట్టుకుని నీళ్లలో పడింది. 40 మందికి పైగా చనిపోయారు. సహాయ దళాలు ఆలస్యంగా వచ్చాయని ఆగ్రహించిన జనం పోలీసుల మీద తిరగబడ్డారు, వాహనానికి నిప్పంటించారు. గజ ఈతగాళ్లు అడుగున బస్సును వెతికి పట్టుకుని, క్రేన్లు దాన్ని పైకి తీసేసరికి గంటలు గడిచిపోయాయి.

అలాంటి చోట జనం కోపం న్యాయమే. అయినా ఆ కోపం గట్టు మీదికి తోసుకొచ్చినప్పుడు రెండో ప్రమాదానికి తలుపు తెరుచుకుంటుంది. కాలువ గట్టు క్రేను కోసం కట్టింది కాదు. తడిసిన మట్టి మీద వంద మంది జనం, పక్కన పాతిక టన్నుల యంత్రం, దాని కొక్కేనికి నీళ్లు నిండిన బస్సు. క్రేను కాళ్ల కింద వెడల్పాటి దిమ్మలు వేయకపోతే, గట్టు అంచుకు తగినంత దూరంలో నిలపకపోతే, యంత్రమే బస్సు మీద పడుతుంది. సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలన్నది క్రేను పనిలో మొదటి పాఠం. ఆపమన్న సైగ మాత్రం ఎవరు చేసినా ఆపాలి. గట్టున ఉన్న ప్రతివాడూ చెయ్యి ఊపుతుంటే ఆపరేటర్ ఎవరి మాట వినాలి?

గోదావరి నేర్పిన ఓపిక

తెలుగువాళ్లకు ఈ పాఠం కచ్చులూరు నేర్పింది. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో రాయల్ వశిష్ట పర్యాటక బోటు గోదావరి వరదలో మునిగింది. దాన్ని తీసే పనిని కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందానికి అప్పగించారు. ఇనుప తాళ్లు, లంగర్లు, గట్టు మీద ప్రొక్లెయినర్, ఇవే వాళ్ల సామగ్రి. తొలి విడత ప్రయత్నంలో తాడు తెగింది. నదిలో వరద పెరగడంతో పని ఆపేసి, తగ్గే దాకా వేచి చూశారు. మళ్లీ మొదలుపెట్టాక లంగరు పట్టు దొరికినా బోటు భాగాలు ఊడివచ్చాయే తప్ప బోటు కదలలేదు. చివరికి విశాఖపట్నం నుంచి వచ్చిన డైవర్లు అడుగుకు వెళ్లి బోటుకు తాళ్లు బిగించారు. అక్టోబర్ 22న, ప్రమాదం జరిగిన 38వ రోజున, బోటు పైకొచ్చింది. బలం మొదటి రోజు నుంచీ ఉంది. లేనిది సరైన పట్టు, నది మనసు మారే దాకా ఆగే ఓపిక. కారుకైనా అదే సూత్రం. బంపర్‌కు తగిలించిన కొక్కెం బంపర్‌నే తెస్తుంది. చట్రానికో, తయారీదారు ఇచ్చిన కొండీకో తగిలిస్తేనే బండి వస్తుంది.

2024 సెప్టెంబర్ 1న కృష్ణా వరదలో కొట్టుకొచ్చిన బోట్లు విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర ఇరుక్కున్నప్పుడూ అదే కథ. ఒక్కొక్కటి సుమారు 40 టన్నులు. పెద్ద క్రేన్లు తెచ్చి లాగితే కదల్లేదు. డైవర్లు నీళ్లలోకి దిగి కోసి చూశారు. చివరికి వాటిని దారికి తెచ్చింది ఒక్క ఊపులో లాగే యంత్రం కాదు. రెండు పెద్ద బోట్లను ఇనుప గడ్డర్లతో కలిపి, చైన్ పుల్లీలతో అంగుళం అంగుళం ఎత్తిన పద్ధతి. అదీ రోజుల తరబడి.

మూడో ఉదాహరణ కరీంనగర్‌ది. 2020 ఫిబ్రవరిలో అలుగునూరు దగ్గర కాకతీయ కాలువలో నీటి విడుదల తగ్గించినప్పుడు ఒక కారు బయటపడింది. మూడు వారాల కిందట కనిపించకుండా పోయిన కుటుంబం అందులోనే ఉంది. రోజూ వందల మంది తిరిగే దారి పక్కన, నీటి కింద అన్నాళ్లూ కారు ఉన్నట్టే ఎవరికీ తెలియలేదు. కాలువలో పడిన బండి విషయంలో క్రేను కన్నా ముందు ఫోన్ చేయాల్సింది నీటిపారుదల శాఖ ఇంజినీరుకని ఆ కాలువ చెప్పింది. తూము దించి నీటి మట్టం తగ్గిస్తే వెతకడం, దిగడం, లాగడం మూడూ తేలికవుతాయి. ఆదిగంగ ఒడ్డున లాక్‌గేటు వేళలు తెలుసుకుని పనికి దిగడమూ అలాంటిదే.

ఆరిన తర్వాత అంటుకునేది

ఇప్పుడు దీనికి కొత్త చిక్కొకటి తోడైంది. కరెంటు కార్లు నీళ్లలో మునిగితే చుట్టూ షాకు కొడుతుందని చాలామంది భయం. వాటి బ్యాటరీ వలయాన్ని కారు బాడీకి తగలకుండా విడిగా ఉంచుతారు కాబట్టి ఆ ప్రమాదం తక్కువే. నారింజ రంగు కేబుళ్లను, దెబ్బతిన్న బ్యాటరీని మాత్రం ముట్టుకోకూడదు. అసలు ముప్పు బయటికి తీశాక. ముఖ్యంగా ఉప్పునీరు సోకిన లిథియం బ్యాటరీ గంటల తర్వాతో, రోజుల తర్వాతో అంటుకోవచ్చు. 2012 అక్టోబర్‌లో శాండీ తుపాను అమెరికాలోని నెవార్క్ రేవును ముంచినప్పుడు అక్కడ నిలిపిన ఫిస్కర్ హైబ్రిడ్ కార్లు పదహారు కాలిపోయాయి. 2022లో ఇయన్ తుపాను తర్వాత ఫ్లోరిడాలోనూ అలాంటి మంటలు చూశారు. మునిగిన కరెంటు కారును ఇళ్లకు, ఇతర వాహనాలకు కనీసం 50 అడుగుల దూరంలో ఉంచాలని అమెరికా రహదారి భద్రతా సంస్థ చెబుతోంది. కారుకు కారు తగిలేలా సర్దే భవానీపూర్ గ్యారేజీల్లో 50 అడుగుల ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? నగరపాలక సంస్థే ఒక ఖాళీ స్థలాన్ని ముందే గుర్తించి పెడితే తప్ప సాధ్యం కాదు.

ఫ్యాక్టరీ గేటు దాకానే చట్టం

ఇదంతా చేయాలని ఎవరు చెప్పాలి? 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 127వ సెక్షన్ ఉంది. బహిరంగ స్థలంలో 10 గంటలకు పైగా వదిలేసిన వాహనాన్ని పోలీసులు లాగించుకుపోవచ్చు, ఆ ఖర్చు యజమానే భరించాలి అంటుంది. ఎవరు లాగాలో, ఎవరు చెల్లించాలో చెప్పింది. లాగే మనిషి ఎలా లాగాలో, ఎప్పుడు లాగకూడదో ఆ సెక్షన్ చెప్పలేదు.

అదే కొక్కెం, అదే గొలుసు ఒక ఫ్యాక్టరీలో ఉంటే కథ వేరు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఎత్తే యంత్రాలను, గొలుసులను, తాళ్లను కనీసం ఏడాదికోసారి అర్హత ఉన్న వ్యక్తి పూర్తిగా తనిఖీ చేయాలి. ఎంత బరువు మోయగలదో స్పష్టంగా రాసి ఉంచాలి, అంతకు మించి మోపకూడదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ చట్టం స్థానాన్ని తీసుకుంది. అయితే ఇద్దరు ముగ్గురితో నడిచే వీధి గ్యారేజీ, దాని ముందున్న పాత క్రేను ఇలాంటి తనిఖీల కంట పడడం అరుదు. ఫ్యాక్టరీ లోపల తనిఖీ కావాల్సిన గొలుసు గేటు దాటి రోడ్డెక్కగానే అనాథ అవుతుంది.

ప్రమాదం జరిగాక మాత్రం చట్టం వస్తుంది. నిర్లక్ష్యంతో ప్రాణం పోగొడితే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. ఆ కేసు చాలాసార్లు చుట్టుకునేది ఆపరేటర్‌కే, అంటే చనిపోయినవాడి పక్కన నిలబడ్డ మరో కూలివాడికి.

బ్రిటన్ 1998లో ఎత్తే పరికరాల మీద తెచ్చిన నిబంధనలు పని ఎక్కడ జరిగినా వర్తిస్తాయి, ఫ్యాక్టరీ గోడలతో పని లేదు. అమెరికాలో నియమాలకు కొదవ లేకపోయినా ఈ వృత్తి ఎంత ప్రమాదమో అక్కడి లెక్కలే చెబుతాయి. 2011-16 మధ్య వాహనాలు లాగే రంగంలో 191 మంది పనిలో చనిపోయారు. లక్ష మంది కార్మికులకు ఏటా 42.9 మరణాలు. ప్రైవేటు రంగం మొత్తం సగటు 2.9 మాత్రమే. అంటే దాదాపు 15 రెట్లు. లెక్కలు తీశారు కాబట్టి అక్కడ ప్రశ్న పుట్టింది. మన దగ్గర టోయింగ్ కుర్రాడి మరణం వానల ఖాతాలోనో, కరెంటు ఖాతాలోనో, రోడ్డు ప్రమాదాల ఖాతాలోనో పడిపోతుంది. అతని వృత్తికి ఖాతానే లేదు.

ఖర్చు ఎంత

దీనికి పెద్ద పథకం అక్కర్లేదు. టోయింగ్ కాంట్రాక్టు ఇచ్చే పోలీసులో నగరపాలక సంస్థో ఆ కాగితంలో నాలుగు షరతులు చేర్చితే చాలు. తాడుకు, వించ్‌కు ఏడాది తనిఖీ పత్రం ఉండాలి. బండిలో లైఫ్‌జాకెట్లు, కర్ర, చేతి తొడుగులు ఉండాలి. కరెంటు ఆపినట్టు మాట రానిదే నీళ్లలో దిగకూడదు. దిగనని చెప్పిన కుర్రాడి కూలి కోయకూడదు. మొదటి మూడింటికి డబ్బు కావాలి. ఒక లైఫ్‌జాకెట్ ధర ఎంత ఎక్కువ వేసుకున్నా ఒక కారు మరమ్మతు బిల్లులో చిన్న భాగమే. నాలుగోదానికి డబ్బు కన్నా ఎక్కువ కావాలి. వెనక హారన్లు మోగుతున్నా, యజమాని అరుస్తున్నా, కాసేపు ఆగుదాం అన్నవాడికి ఆ మాట అనే హక్కు ఉందని ఒప్పుకోవాలి.

2025 సెప్టెంబర్‌లో భవానీపూర్‌ను ముంచిన నీళ్లు చివరికి దిగిపోయాయి. మెట్రో మళ్లీ నడిచింది, పందిళ్లు మళ్లీ నిలబడ్డాయి, ఆ వారాంతానికే పేట పూజల సందడిలో పడింది. నీళ్లలో నిలిచిన కార్లు కూడా గ్యారేజీలకు చేరాయి. కొన్ని బాగుపడ్డాయి, కొన్ని పాత ఇనుము కొట్టుకు వెళ్లాయి. వానాకాలం ఏటా వస్తుంది, బీమా డబ్బు ఆలస్యంగానైనా వస్తుంది. కొక్కెం పట్టుకుని మొదట నీళ్లలోకి దిగిన మనిషి సాయంత్రం ఇంటికొచ్చాడా లేదా అన్నదే ఈ పనిలో గెలుపు ఓటముల కొలత.